కోల్‌ఫాక్స్ ఫలకం: రెండు వాక్యాల చరిత్ర

శాసనాలను మనం ఎక్కువగా భాషాచరిత్రకు ఆధారాలుగానే చదువుతాం. ఏ శతాబ్దంలో ఏ క్రియారూపం వాడుకలో ఉంది, బండి ఱ ఎప్పుడు కనుమరుగైంది అని వెతుకుతాం. దానం చేసిన రాజు బిరుదులు, పుచ్చుకున్న వాడి గోత్రం, పొలం నాలుగు సరిహద్దులు శాసనంలో ఉంటాయి. ఆ పొలం దున్నినవాడి పేరు కనపడడం అరుదు. రాయించే స్తోమత ఉన్నవాడి వాక్యమే రాతిమీదికి ఎక్కుతుందన్నది మనకు కొత్త సంగతేమీ కాదు. కాని ఆ వాక్యం లోపల ఏం జరిగింది, ఏ మాటను ఏ మాట కప్పేసింది అన్నది పాత శాసనాల్లో పట్టుకోవడం కష్టం. శాసనం చెప్పని సంగతి తెలుసుకోవడానికి చాలాసార్లు మరో సాక్ష్యం మిగిలి ఉండదు. అలాంటి సాక్ష్యం పుష్కలంగా మిగిలిన ఒక చోటు ఉంది. అది అమెరికాలో కోల్‌ఫాక్స్ అనే చిన్న ఊరు.

కోల్‌ఫాక్స్ లూసియానా రాష్ట్రంలో రెడ్ నది ఒడ్డున ఉంది. 2020 జనాభా లెక్కల నాటికి అక్కడున్నది పదిహేను వందల లోపు మనుషులు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు. మన లెక్కలో అది ఒక మాదిరి పల్లె, అయినా గ్రాంట్ పారిష్‌కు ముఖ్య కేంద్రం. లూసియానాలో జిల్లా వంటి విభాగాన్ని పారిష్ అంటారు. ఈ పేర్లలోనే కొంత రాజకీయం ఉంది. అంతర్యుద్ధం 1865లో ముగిసి బానిసత్వం రద్దయ్యాక, 1869లో ఈ పారిష్‌ను కొత్తగా ఏర్పాటు చేశారు. అప్పటి అధ్యక్షుడు గ్రాంట్ పేరు పారిష్‌కు, ఉపాధ్యక్షుడు షూలర్ కోల్‌ఫాక్స్ పేరు ఊరికి పెట్టారు. ఓడిన బానిస యజమానుల పత్తి తోటల మధ్య, గెలిచిన పక్షం నాయకుల పేర్లన్నమాట. ఆ తర్వాత ఊరి చరిత్ర మొత్తాన్ని తిరగరాసుకున్నవాళ్లు కూడా ఈ రెండు పేర్లను మాత్రం ముట్టుకోలేదు. పేర్లది ఏముంది, అధికారం చేతికొచ్చాక!

ఈ ఊరి కోర్టు భవనం ఎదుట 1950 ప్రాంతంలో రాష్ట్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ ఒక చారిత్రక ఫలకం నిలబెట్టింది. అందులో ఉన్నవి రెండే రెండు వాక్యాలు. వాటి సారాన్ని తెలుగులో ఇలా చెప్పవచ్చు: ఈ స్థలంలో కోల్‌ఫాక్స్ అల్లర్లు సంభవించాయి, వాటిలో ముగ్గురు తెల్లవారు, 150 మంది నీగ్రోలు హతులయ్యారు. 1873 ఏప్రిల్ 13 నాటి ఈ సంఘటన దక్షిణాదిలో కార్పెట్‌బ్యాగ్ దుష్పరిపాలనకు అంతం పలికింది.

ఆ శాఖ చరిత్ర శాఖ కాదు, వాణిజ్య శాఖ. ఇది గమనించదగ్గ విషయం. అమెరికాలో రోడ్డు పక్క చారిత్రక ఫలకాలు మోటారు కారుతోపాటు పెరిగాయి. వర్జీనియా రాష్ట్రం 1927లో ఈ పనికి ఒక పథకమే పెట్టింది, తర్వాత ఒక్కొక్క రాష్ట్రం అందుకుంది. గుంజమీద పోత లోహపు పలక, దానిమీద ఉబ్బెత్తు అక్షరాలు. కారులో పోతున్న యాత్రికుడు కాసేపు ఆగి, చదివి, ఊళ్లో కాఫీ తాగి పోవాలి. కనుక వాక్యాలు పొట్టిగా ఉండాలి. రాసినవాడి పేరు ఉండదు, ప్రభుత్వ శాఖ పేరు ఉంటుంది. సంతకం లేని వాక్యానికి ఒక విచిత్రమైన బలం ఉంది. అది ఒకరి అభిప్రాయంలా వినిపించదు, రాష్ట్రమే మాట్లాడుతున్నట్టు, ఇంకా చెప్పాలంటే కాలమే మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు ఆ రోజు జరిగిందేమిటో చూద్దాం.

అంతర్యుద్ధం తర్వాతి పన్నెండేళ్లను అమెరికా చరిత్రలో పునర్నిర్మాణ కాలం అంటారు. 1868లో పద్నాలుగో సవరణ మాజీ బానిసలకు పౌరసత్వం ఇచ్చింది. 1870లో పదిహేనో సవరణ జాతి కారణంగా ఓటుహక్కు నిరాకరించరాదన్నది. నిన్నటిదాకా వేలంపాటలో అమ్ముడైన మనిషి ఇవాళ ఓటరు, జ్యూరీ సభ్యుడు, కొన్నిచోట్ల శాసనసభ్యుడు. తోటల యజమానులకు ఇది మింగుడుపడలేదు. 1872లో లూసియానా గవర్నరు ఎన్నిక వివాదమై, రిపబ్లికన్ విలియం కెలాగ్, ఆయన ప్రత్యర్థి జాన్ మెకెన్రీ ఇద్దరూ గెలిచామన్నారు. ఇద్దరు గవర్నర్లు ఉన్నచోట ప్రతి పారిష్‌కూ ఇద్దరు న్యాయాధికారులు, ఇద్దరు షెరీఫ్‌లు తయారయ్యారు. కెలాగ్‌ను కేంద్రం గుర్తించింది. ఆయన నియమించినవాళ్లు 1873 మార్చి చివర్లో కోల్‌ఫాక్స్ కోర్టు భవనంలో ప్రవేశించారు. ఆ భవనం అంతకుముందు ఒక తోట యజమాని గుర్రాలశాల.

తెల్లవాళ్లు దాడికి సిద్ధమవుతున్నారన్న వార్త పొక్కింది. నల్లజాతి రైతులు కోర్టు చుట్టూ కందకం తవ్వుకొని కాపలా కాశారు. ఏప్రిల్ 5న జెస్సీ మెక్‌కిన్నీ అనే నల్లజాతి రైతును, తన ఇంటిదగ్గర కంచె బాగుచేసుకుంటూ ఉండగా కాల్చి చంపారు. దాంతో చుట్టుపక్కల కుటుంబాలు ప్రాణభయంతో కోల్‌ఫాక్స్ చేరాయి. ఏప్రిల్ 13 ఈస్టర్ ఆదివారం. షెరీఫ్ పదవి తనదేనంటున్న క్రిస్టఫర్ కొలంబస్ నాష్ నాయకత్వాన నూటయాభైకి పైగా సాయుధులు గుర్రాలమీద వచ్చారు. వాళ్లలో చాలామంది అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేసినవాళ్లు. వెంట ఒక చిన్న ఫిరంగి ఉంది. లోపలివాళ్ల చేతుల్లో ఎక్కువగా వేట తుపాకులు. ఆడవాళ్లు, పిల్లలు వెళ్లిపోవడానికి అర్ధగంట గడువిచ్చి దాడి మొదలుపెట్టారు. ఫిరంగిని నదివైపు నుంచి తిప్పి కొట్టాక కందకం నిలవలేదు. పారిపోయినవాళ్లను గుర్రాలమీద తరిమి చంపారు. మిగిలినవాళ్లు కోర్టులో దూరితే పైకప్పుకి నిప్పంటించారు. తెల్లజెండా చూపి బయటికొచ్చిన వాళ్లలో కొందరిని అక్కడే కాల్చారు, కొందరిని బందీలుగా పట్టుకున్నారు. ఆ రాత్రి బందీలను వరసగా నడిపించుకుపోయి కాల్చేశారు. చనిపోయినట్టు పడి ఉండి బతికిన లెవీ నెల్సన్, ముఖాన గుండు దిగినా బతికిన బెంజమిన్ బ్రిమ్ తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పారు. మనకు ఆ రాత్రి సంగతి తెలిసింది వాళ్లవల్లే.

మృతుల సంఖ్యపై చరిత్రకారుల అంచనాలు 60 నుంచి 150 దాకా ఉన్నాయి. 1875లో అమెరికన్ కాంగ్రెసుకు అందిన సైనిక నివేదిక 81 మంది నల్లజాతి పురుషులను పేరుపేరునా చెప్పింది. నదిలో పడేసినవి, రహస్యంగా పూడ్చినవి కలిపితే మొత్తం నూటఅయిదుకు తగ్గదని అంచనా వేసింది. తెల్లవాళ్లలో చనిపోయింది ముగ్గురు. వాళ్లలో కనీసం ఒకరికి తగిలిన గుండు సొంత పక్షం వాళ్లదేనన్న వాదన కూడా ఉంది.

ఇది తెలిశాక ఫలకం దగ్గరికి తిరిగి వద్దాం. మొదటి మాట ‘అల్లర్లు’. అల్లర్లంటే రెండు వైపులా అదుపు తప్పినట్టు, ఎవరు ముందో తేలనట్టు అర్థం వస్తుంది. లొంగిపోయిన మనిషిని రాత్రివేళ కొన్ని గంటల తర్వాత కాల్చడాన్ని ఏ నిఘంటువూ అల్లరి అనదు. రెండో మాట ‘సంభవించాయి’. వాన వచ్చినట్టు, వరద వచ్చినట్టు, అది తనంతట తాను వచ్చింది. మూడో మాట ‘హతులయ్యారు’. ముగ్గురికీ, నూటయాభై మందికీ ఒకటే క్రియ. దాడికి వచ్చి చచ్చినవాడూ, చేతులెత్తాక చచ్చినవాడూ ఒకే క్రియకింద సమానులయ్యారు. బతికుండగా ఇవ్వని సమానత్వం వ్యాకరణంలో ఇచ్చారు! ఇంగ్లీషు మూలంలో వాడిన మాట బైబిలు వాసన ఉన్న పాత మాట, యుద్ధరంగంలో పడిపోయిన వీరులకు వాడేది. ఇక ఆ రెండు వాక్యాల్లో ఎక్కడా చంపినవాడు లేడు.

అనువాదకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పబోతే మొదట మనకు తోచేది ‘చంపారు’. చంపారు అనగానే ‘ఎవరు?’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ‘చంపబడ్డారు’ మన నోటికి పట్టదు. అలాగని తెలుగు నిజాయితీ కలిగిన భాష, ఇంగ్లీషు కపటభాష అనుకోవడం తప్పు. కర్మణి ప్రయోగం లేకపోతే మనకు సంస్కృతం ఉంది. ‘హతులయ్యారు’ అన్న మాట, నేను పైన వాడిందే, కర్తను ఎంత చక్కగా మాయం చేసిందో చూడండి. ‘మృతి చెందారు’ ఇంకా మేలు, దాంట్లో హంతకుడే అక్కర్లేదు. మన పత్రికల భాషలో ‘కాల్పుల్లో మృతి’ అన్న పదబంధం ఎన్ని తుపాకుల వెనక ఉన్న చేతుల్ని దాచిందో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

రెండో వాక్యం మరింత గట్టిది. ‘కార్పెట్‌బ్యాగ్’ అంటే తివాచీ గుడ్డతో కుట్టిన సంచీ. యుద్ధం తర్వాత ఉత్తరాది నుంచి ఆ సంచీ ఒక్కటీ పట్టుకొని దిగి, దక్షిణాదిని దోచుకున్నవాడు అన్న ఎగతాళి ఆ మాటలో ఉంది. అలాంటి అవినీతిపరులు అసలే లేరని కాదు. కానీ కోల్‌ఫాక్స్ కందకంలో చచ్చిన నూటికి పైచిలుకు మనుషులు సంచీ పట్టుకొచ్చినవాళ్లు కారు. ఆ చుట్టుపక్కల పత్తి పొలాల్లో బానిసలుగా పనిచేసి, స్వతంత్రులై, అక్కడే సేద్యం చేసుకుంటున్నవాళ్లు. ఫలకం వాళ్లను చంపి, పరాయివాళ్ల పరిపాలన పోయిందంటుంది. పైగా కాలం లెక్క కూడా తప్పే. కెలాగ్ ప్రభుత్వం 1873లో పడిపోలేదు, 1877 జనవరిదాకా ఉంది. లూసియానాలో పునర్నిర్మాణం ముగిసింది 1877లో, కేంద్ర సైన్యాన్ని బారకాసులకు మళ్లించాక. అయితే ఫలకం రాసినవాడు పొరబాటున ఒక నిజం చెప్పాడు. ఓటుపెట్టెతో తేలనిదాన్ని తుపాకితో తేల్చుకునే పద్ధతికి ఆ రోజు ఒక నమూనా దొరికింది. మరుసటి ఏడే ఆ ప్రాంతంలో వైట్ లీగ్ అనే సాయుధ సంస్థ పుట్టింది. నాష్ దాని నాయకుల్లో ఒకడు.

ఆ నమూనాకు న్యాయస్థానం ఆమోదం ఎలా దొరికిందో కూడా చెప్పుకోవాలి. 97 మంది మీద అభియోగం మోపారు. విచారణకు దొరికినవాళ్లు తొమ్మిదిమంది. 1874లో రెండు విచారణల తర్వాత ముగ్గురికి శిక్ష పడింది, అదీ హత్యకు కాదు, పౌరహక్కులను భంగపరచే కుట్రకు. 1876లో సుప్రీంకోర్టు క్రూక్‌షాంక్ కేసులో దాన్నీ కొట్టేసింది. రాజ్యాంగ సవరణలు రాష్ట్రాలను కట్టడి చేస్తాయి గాని వ్యక్తులను కాదన్నది. అంతకన్నా ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉంది. జాతి ద్వేషమే కారణమని అనుమానం రావచ్చు గాని, అభియోగపత్రంలో ఆ మాట రాయలేదు కదా అన్నది! రాయనిది లేనట్టే అని న్యాయమూర్తి తీర్పు చెప్పాడు. డెబ్బై ఏళ్ల తర్వాత ఫలకం రాసిన గుమాస్తా కూడా అదే సూత్రం పాటించాడు. ఎవరికీ ఉరిపడలేదు, హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు.

ఊరి శ్మశానంలో ఇంతకన్నా పాతదైన మరో రాయి ఉంది. 1921లో నిలబెట్టిన పాలరాతి స్తంభం. దానిమీద చనిపోయిన ముగ్గురు తెల్లవాళ్ల పేర్లు, స్టీఫెన్ డికేటర్ పారిష్, జేమ్స్ వెస్ట్ హాడ్నాట్, సిడ్నీ హారిస్ అని పూర్తిగా చెక్కారు. వాళ్లు వీరులనీ, శ్వేతజాతి ఆధిపత్యం కోసం పోరాడుతూ పడిపోయారనీ చెక్కారు. ఆ మాటే, దాపరికం లేకుండా. నూటయాభై మంది ప్రసక్తే లేదు.

ఈ రెండు రాళ్లనూ పక్కపక్కన పెట్టి చదవడం సాహిత్య విద్యార్థికి మంచి అభ్యాసం. 1921 నాటి రాయి గొప్పలు చెప్పుకుంటుంది. అప్పటికి చెప్పుకోవడానికి అడ్డేముంది? 1898 నాటి లూసియానా రాజ్యాంగం నల్లజాతి ఓటును దాదాపు తుడిచేసింది. 1896లో రాష్ట్రంలో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉంటే 1904 నాటికి మిగిలింది 1,342. ఆ రాయిని నల్లవాడు చదివినా అడగలేడు. 1950 నాటికి పరిస్థితి వేరు. నాజీలతో యుద్ధం అయిపోయింది, అమెరికా ప్రజాస్వామ్యానికి పెద్దదిక్కునని ప్రపంచానికి చెప్పుకుంటోంది, సైన్యంలో జాతి విభజనను రద్దు చేస్తూ 1948లో ఉత్తర్వు వచ్చింది. శ్వేతజాతి ఆధిపత్యం అన్న మాట ప్రభుత్వ ఫలకం మీద రాయడం బాగుండదు. అందుకని వీరత్వం పోయి ‘సంఘటన’ వచ్చింది, ఆధిపత్యం పోయి ‘దుష్పరిపాలన అంతం’ వచ్చింది. భావం మారలేదు, శైలి మారింది. నాకు ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ ప్రమాదకరంగా తోస్తుంది. మొదటిదాన్ని చదివినవాడు కనీసం ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలుసుకుంటాడు.

ఆ గుమాస్తా ఈ శైలిని తనంతట కనిపెట్టలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్, ఆయన శిష్యులు పునర్నిర్మాణ కాలాన్ని అజ్ఞానుల, దోపిడీదారుల పాలనగా చిత్రించారు. అదే పాఠ్యపుస్తకాల్లోకి, 1915లో వచ్చిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ అనే సినిమాలోకి పాకింది. దాన్ని ఎదుర్కొన్నవాడు డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్. 1935లో ఆయన రాసిన ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’ అనే పెద్ద గ్రంథం, మాజీ బానిసలను చరిత్ర నడిపిన శ్రామికులుగా చూసింది. దాని చివరి అధ్యాయం మొత్తం చరిత్రరచనలోని ప్రచారం గురించే. పుస్తకం వచ్చిన పదిహేనేళ్లకు కోల్‌ఫాక్స్‌లో ఆ ఫలకం లేచింది. పుస్తకం చదివేవాడు వెతుక్కొని చదవాలి. ఫలకమైతే కోర్టుకు పోయే ప్రతివాడి కంట పడుతుంది.

అమెరికన్ పల్లెల్లో స్మారకచిహ్నాల వ్యాపారం గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. ఊరి నడుమ తుపాకి పట్టుకొని నిలబడే సైనికుడి విగ్రహం చాలాచోట్ల ఒక్కలాగే ఉంటుంది. కనెటికట్ రాష్ట్రంలోని మాన్యుమెంటల్ బ్రాంజ్ కంపెనీ జింకుతో పోతపోసిన సైనికులను ఉత్తరాదికీ దక్షిణాదికీ కూడా అమ్మింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత విక్నే అనే శిల్పి రాగిరేకుతో తయారుచేసిన సైనికుడు వందకు పైగా ఊళ్లలో నిలబడ్డాడు. విగ్రహం దుకాణంలో దొరుకుతుంది, ఊరివాళ్లు సొంతంగా ఇవ్వవలసింది కింద చెక్కే మాటలూ, పేర్లూ మాత్రమే. దక్షిణాదిలో చాలాచోట్ల ఆ పేర్లనుకూడా తెల్లవారు, రంగువారు అని రెండు జాబితాలుగా విడదీశారు. దక్షిణ కరోలినాలోని గ్రీన్‌వుడ్‌లో అలాంటి స్మారకం ఉండేది. ఒకే యుద్ధంలో, ఒకే దేశం కోసం చచ్చినవాళ్లకు కంచు పలకమీద కూడా వేరు వరసలు.

ఇక చంపబడినవాళ్ల పక్షాన రాసిన పలకల గతి మరొకటి. మిసిసిపీలో 1955లో హత్యకు గురైన పద్నాలుగేళ్ల ఎమెట్ టిల్ శవాన్ని టాలహాచీ నదిలోంచి తీసిన చోట ఒక ఫలకం పెడితే, దాన్ని పీకేసి పట్టుకుపోయారు. మళ్లీ పెట్టినవాటిని తుపాకి గుళ్లతో తూట్లు పొడిచారు. 2019లో గుళ్లకు తట్టుకునే ఉక్కుతో నాలుగోది పెట్టాల్సి వచ్చింది. కొలరాడోలోని లడ్లో దగ్గర 1914 ఏప్రిల్ 20న సమ్మెలో ఉన్న గనికార్మికుల గుడారాల మీద సైన్యం, కంపెనీ మనుషులు దాడిచేసినప్పుడు గుడారం కింది గోతిలో ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. గనికార్మికుల సంఘం ఆ నేల తానే కొని 1918లో స్మారకం కట్టింది. చనిపోయినవాళ్ల పేర్లు రాతిమీద చెక్కించింది. 2003లో ఎవరో వచ్చి ఆ విగ్రహాల తలలు నరికిపోయారు. సంఘం బాగుచేయించి 2005లో మళ్లీ ఆవిష్కరించింది. కోల్‌ఫాక్స్ ఫలకాన్ని కాపాడటానికి మాత్రం ఉక్కు కవచం అవసరం పడలేదు. డెబ్బై ఏళ్లు కోర్టు ముందు నిమ్మళంగా నిలబడింది.

అది ఊరికే పోలేదు. 2008లో చార్ల్స్ లేన్, లీఅన్నా కీత్ వేర్వేరుగా రాసిన రెండు పరిశోధన గ్రంథాలు కోల్‌ఫాక్స్ హత్యాకాండను మళ్లీ చర్చలోకి తెచ్చాయి. జెస్సీ మెక్‌కిన్నీ వంశంలోని ఒక నల్లజాతీయుడు, ఆనాడు దాడిచేసినవాళ్ల వంశంలోని ఒక శ్వేతజాతీయుడు కలిసి పనిచేశారు. 2021 మే 15న ఫలకాన్ని తీసేశారు. అదే రాష్ట్రంలో, న్యూ ఆర్లియన్స్‌లో వైట్ లీగ్ 1874 నాటి తిరుగుబాటుకు స్మారకంగా కట్టిన స్తంభాన్ని 2017లో తీయాల్సి వచ్చినప్పుడు కార్మికులు ముఖాలకు ముసుగులు, ఒంటికి కవచాలు తొడుక్కుని రాత్రి చీకట్లో పనిచేశారు. కోల్‌ఫాక్స్‌లో అంత అవసరం పడలేదు.

ఫలకం తీసేయడంతో పని పూర్తికాలేదని ఆ ఇద్దరికీ తెలుసు. తప్పుడు వాక్యం పోతే అక్కడ ఏ వాక్యమూ మిగలదు, అదీ ఒక రకం మౌనమే. 2023 ఏప్రిల్ 13న, హత్యాకాండ జరిగిన 150 ఏళ్లకు, నల్ల గ్రానైటు స్మారకం ఒకటి కోల్‌ఫాక్స్‌లో వెలిసింది. మృతుల్లో నిర్ధారించగలిగిన 57 మంది పేర్లు దానిమీద ఉన్నాయి. ఆ మనుషుల పేర్లు 1875లోనే కాగితం మీదికి ఎక్కాయని మరచిపోకూడదు. సైనికాధికారులు సేకరించి కాంగ్రెసుకు సమర్పించిన జాబితా అది. కాగితం నుంచి రాతిమీదికి చేరడానికి ఆ పేర్లకు నూట నలభై ఎనిమిదేళ్లు పట్టింది. మిగిలినవాళ్లు ఇప్పటికీ అంకెలే. కొత్త రాయి ఆవిష్కరణ రోజున, ముగ్గురి పేర్లున్న 1921 నాటి పాలరాతి స్తంభం శ్మశానంలో తన చోట తాను నిలబడే ఉంది.